తేనె కన్నా కాయ మిన్న
(ముందుమాట)

తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పారు. 354 మంది కవులను పేరుపేరునా పిలిచి ఒక్క సంపుటంలో కూర్చోబెట్టారు. లేరన్నవాళ్లతో తగవు పెట్టుకోవడం కన్నా ఉన్నవాళ్లను చూపించడం మేలు. ఆ పాలమూరు పెద్దమనిషి మనకు నేర్పిన పద్ధతి అది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో తేనెటీగల పెంపకం ఎక్కడిది, అది పంజాబు వాళ్ల పని, కేరళ వాళ్ల పని అనే మాటను వ్యవసాయ శాఖలో చేరిన నాటి నుంచీ వింటున్నాను. మీ చేతిలో ఉన్న పుస్తకం ఆ మాటతో వాదానికి దిగదు. పెట్టెలు ఎక్కడున్నాయో, వాటి వెనక ఎలాంటి మనుషులున్నారో, ఏ తోటలో ఏ పూతకు అవి పనికొస్తున్నాయో చూపిస్తుంది.

గ్రంథకర్త పేరు అట్టమీదే ఉంది, నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. మా వైపు పిల్లవాడు. వ్యవసాయం చదువుకుని, ఉద్యోగాల వైపు చూడకుండా పెట్టెలు పట్టుకుని తోటలవెంట తిరిగినవాడు. రాతప్రతి తెచ్చి నా బల్లమీద పెట్టి, "నాలుగు మాటలు రాయండి సార్, మీరు చెప్తే మన రైతులు చదువుతరు" అన్నాడు. నాలుగు మాటలతో ఆగే వయసు కాదు నాది. పైగా పీఠికలు రాసే పెద్దలకు పుస్తకం చదవకుండానే మెచ్చుకునే వెసులుబాటు ఒకటుంది. దాన్ని వాడుకోబుద్ధి కాలేదు. మొదటి పుట నుంచి చివరి దాకా చదివాను. మెచ్చుకోవలసింది చాలా ఉంది, అడగవలసింది కొంత ఉంది. రెండూ చెప్తాను.

ఈ పుస్తకం చెప్పే అసలు సంగతి ఒక్కటే. మన మెట్టల్లో తేనెటీగల పెట్టె పెట్టవలసింది తేనె కోసం కాదు, కాయ కోసం. తేనె అమ్మితే వచ్చేది పెంపకందారుడి జేబులోకి పోతుంది. పూత మీద ఈగ తిరిగితే వచ్చేది రైతు కల్లంలోకి చేరుతుంది. ఈ రెండో లెక్క ఎవరూ రాసిపెట్టరు కనుక అది లేనట్టే చెలామణి అవుతోంది. ఆ లెక్కను పైకి తీసి, పెంపకందారుడికీ రైతుకూ మధ్య కూర్చుని మాట్లాడినవాళ్లే ఈ రంగానికి నిజమైన నాయకులని రచయిత అంటాడు. నాకు ఆ నిర్వచనం నచ్చింది. వెయ్యి పెట్టెలున్నవాడల్లా నాయకుడు కాడు.

మొదటి భాగం ఈ వృత్తికి బాట వేసినవాళ్ల గురించి. జెనీవాలో ఫ్రాంస్వా హ్యూబర్ చూపు పోగొట్టుకున్నవాడు. అయినా బ్యూర్నెన్స్ అనే తన సేవకుడి కళ్లతో పట్టు లోపలి జీవితాన్ని పరిశీలించి 1792లో పుస్తకం వెలువరించాడు. 1851లో ఫిలడెల్ఫియాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు ఒక చిన్న కొలత పట్టుకున్నాడు. చట్రానికీ పెట్టె గోడకూ మధ్య అంగుళంలో మూడు ఎనిమిదో వంతు ఖాళీ వదిలితే ఈగలు దాన్ని మైనంతో పూడ్చవు, నడిచే దారిగా ఉంచుకుంటాయి. ఆ కొలత తెలిశాక చట్రాన్ని పైకెత్తి, చూసి, మళ్లీ దించే వీలొచ్చింది. అంతకుముందు తేనె కావాలంటే తుట్టెను పిండాలి, పిల్లను చంపాలి. ఈరోజు మన బత్తాయి తోటల్లో చెట్ల కింద కనిపించే ప్రతి చెక్కపెట్టే ఆ కొలత మీదే నిలబడింది.

మన దేశపు కథను కూడా రచయిత చక్కగా అల్లాడు. 1910 దశకంలో తిరుచిరాపల్లి ప్రాంతంలో న్యూటన్ అనే జెసూట్ ఫాదరీ మన చిన్న ఈగకు సరిపడే చిన్న పెట్టెను రూపొందించి ఊరివాళ్లకు నేర్పాడు. దక్షిణాదిలో న్యూటన్ పెట్టె అంటే ఇప్పటికీ తెలుస్తుంది. 1920లలో కన్యాకుమారి దగ్గరి మార్తాండంలో వైఎంసీఏ తరఫున స్పెన్సర్ హ్యాచ్ గ్రామీణులకు ఈ పని అందించాడు. మార్తాండం పేరు నేటికీ తేనెతోనే వినిపిస్తుంది. 1962లో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు అత్వాల్, ఆయన సహచరులు నగ్రోటాలో ఐరోపా తేనెటీగను మన దేశంలో నిలబెట్టారు. ఖాదీ గ్రామోద్యోగ సంఘం పుణెలో కేంద్ర తేనెటీగల పరిశోధన సంస్థను నెలకొల్పింది కూడా ఆ ఏడే. వీళ్లందరిలో రచయిత చూసిన సామాన్య గుణం ఒకటుంది. తాము కనుక్కున్నదాన్ని దాచుకోలేదు, పక్కవాడికి నేర్పారు.

ఈ కథలో దెబ్బలూ ఉన్నాయి. 1991, 92 ప్రాంతంలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పుట్టతేనె ఈగల కుటుంబాలను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. పట్టులో పిల్ల పురుగులు సంచీ కట్టినట్టు ఉబ్బి చచ్చిపోయాయి. అప్పటిదాకా వేల పెట్టెలున్న ఊళ్లలో ఖాళీ చెక్కలు మిగిలాయి. ఆ తర్వాతే దక్షిణాదిలో ఐరోపా ఈగ వైపు మొగ్గు పెరిగింది. ఒక్క జాతినే నమ్ముకుంటే ఏమవుతుందో ఆ జబ్బు చెప్పింది. ఇవాళ ఐరోపా ఈగనే నమ్ముకుంటున్న మనకు ఆ పాఠం పాతబడలేదని రచయిత మెత్తగా హెచ్చరించాడు.

వ్యాపారం గురించిన అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. కాలిఫోర్నియాలో బాదం తోటలు పదమూడు లక్షల ఎకరాలకు పైనే ఉన్నాయి. ఏటా ఫిబ్రవరిలో ఆ పూత కోసం అమెరికా నలుమూలల నుంచి ఇరవై లక్షలకు మించిన పెట్టెలు లారీల మీద వచ్చి దిగుతాయి. పెట్టెకు రెండు వందల డాలర్ల దాకా కిరాయి. అది తోట యజమాని చెల్లిస్తాడు. పెట్టెలో ఎన్ని చట్రాల నిండా ఈగలున్నాయో లెక్కచూసి మరీ చెల్లిస్తాడు. మన దేశంలో హిమాచల్ ఆపిల్ రైతులు ఈ కిరాయి పద్ధతికి ఎప్పుడో అలవాటుపడ్డారు. మన దగ్గర చాలాచోట్ల వ్యవహారం తిరగబడి ఉంది. పెంపకందారుడే రైతు ఇంటికి వెళ్లి, బతిమాలి, తోటలో జాగా అడిగి, పోతూపోతూ నాలుగు సీసాల తేనె చేతిలో పెట్టి దండం పెట్టాలి. మేలు పొందినవాడికే మామూలు ముడుతోంది. ఈ తలకిందుల లెక్కను రచయిత ఎక్కడా గొంతు పెంచకుండా, అంకెలతో చూపించాడు.

పొద్దుతిరుగుడు మీద రాసిన పుటలు చదువుతుంటే నా ఉద్యోగపు తొలినాళ్లు గుర్తొచ్చాయి. ఆ పంట రష్యా నుంచి మన దేశానికి 1969లో వచ్చింది. తన పుప్పొడితో తాను గింజ కట్టడం ఆ పువ్వుకు సరిగా రాదు. పళ్లెం అంచు నుంచి లోపలికి, వారం పైగా, వరుసవరుసలుగా విచ్చుకుంటుంది. ఈగలు రాకపోతే నడుమ అంతా తాలు. అందుకని ఊరూరా తిరిగి మేం చెప్పిన సలహా ఇది: పూత మీద ఉన్నప్పుడు పొద్దున్నే చేతికి పలుచని గుడ్డ చుట్టుకుని, రోజు విడిచి రోజు, ఒక్కొక్క పువ్వునూ మెత్తగా రుద్దండి. రైతులు విన్నారు. ఎకరంలో ఉన్న వేల పువ్వులను ఆడకూలీలు నడుం వంచి రుద్దారు. ఎకరాకు రెండు పెట్టెలు పెడితే ఈగలే చేసే పని అది. కూలి ఇచ్చి చేయించిన పనికి ఖర్చు లెక్క రాసుకున్నాం కానీ, ఉచితంగా జరిగిన పనికి విలువ కట్టలేదు. పొద్దుతిరుగుడు విస్తీర్ణం మన జిల్లాల్లో తగ్గిపోవడానికి ధర, దిగుమతి నూనె వంటి కారణాలు చాలా ఉన్నాయి. తాలు గింజలూ అందులో ఒక కారణమని నేను నమ్ముతాను.

పుచ్చ సంగతి ఇంకా స్పష్టం. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మర్నాడు మళ్లీ తెరవదు. ఆ కొద్ది గంటల్లో ఈగలు ఎనిమిదిసార్లకు తక్కువ కాకుండా వాలి, వెయ్యి దాకా పుప్పొడి రేణువులను కీలాగ్రం మీద అన్ని వైపులా సమంగా రాల్చితేనే కాయ గుండ్రంగా ఊరుతుంది. ఒకవైపే పడితే కాయ వంకర పోతుంది. మార్కెట్లో వంకర కాయను విడిగా పక్కకు తోసి సగం ధర కడతారు. ఎరువు చాల్లేదనో విత్తనం మంచిది కాదనో రైతు అనుకుంటాడు. పూత రోజుల్లో పొద్దున ఎనిమిది గంటలకు చేలో నిలబడి, ఆడపువ్వు మీద ఎన్ని ఈగలు వాలుతున్నాయో లెక్కపెట్టమని రచయిత అడుగుతాడు. ఖర్చులేని పరీక్ష. ప్రతి పుచ్చ రైతూ చేయాలి.

బత్తాయి విషయంలో రచయిత నిజాయతీ నాకు మరీ నచ్చింది. నల్లగొండ అనగానే బత్తాయి, నకిరేకల్ అనగానే నిమ్మ గుర్తొస్తాయి. పుస్తకం అమ్ముడుపోవాలంటే ఈగ లేకపోతే బత్తాయి లేదని రాయవచ్చు. ఆయన అలా రాయలేదు. మన సాత్‌గుడి పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదని, ఈగ వల్ల దానికి కలిగే మేలు పుచ్చకు కలిగినంత కాదని ఒప్పుకున్నాడు. అయితే ఆ తోటల విలువ మరోచోట ఉంది. సీజన్ కాపుకు ఒకసారి, కత్తెర కాపుకు ఒకసారి వచ్చే పూతలు ఈగలకు కడుపునిండా తిండి పెడతాయి. ఆ తిండితో బలపడిన పెట్టెనే పుచ్చ చేనుకూ పొద్దుతిరుగుడు చేనుకూ తరలించాలి. ఒక రైతు తోట మరో రైతు చేనుకు ఇలా ఉపకారం చేస్తుంది. దీన్ని ఊరిపనిగా చూడాలి కానీ ఒంటరి రైతు లాభంగా కాదు.

కంది, పత్తి విత్తనాల అధ్యాయంలో రెండు భిన్నమైన దృశ్యాలున్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మగ వంధ్యత్వం ఉన్న కంది వరుసల మీద ఏళ్లతరబడి పనిచేసి హైబ్రిడ్ కందిని సాధించారు. మన్నెంకొండ కంది పేరుతో తెలంగాణలో విడుదలైన ఐసీపీహెచ్ 2740 ఆ కోవలోదే. ఆ విత్తనం తయారీలో పుప్పొడిని మగ వరుస నుంచి ఆడ వరుసకు మోసేది ఈగలే. మనిషి చేయి పడదు. ఇటు గద్వాల వైపు సీడు పత్తి చేలకు వెళ్లండి. సాయంత్రం మొగ్గను ఒలిచి మగ భాగాన్ని గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి కీలాగ్రం మీద రాయాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. సీజనంతా, మొగ్గ వెంట మొగ్గ, ఇదే పని. ఈ పనిలో బడి మాన్పించిన ఆడపిల్లల వేళ్లు అరిగాయని దేశమంతా చర్చ జరిగింది. చైనాలో సిచువాన్ ప్రాంతపు మావోషియన్‌లో ఆపిల్ చెట్లెక్కి మనుషులు కుంచెలతో పుప్పొడి రాసేవారని చదివి మనవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. గద్వాల అంతకన్నా దగ్గర. పత్తిలో ఈగ అంతటి పనినీ వెంటనే అందుకుంటుందని రచయిత అనలేదు. అయితే ఈగ చేసే పని మనిషి చేయవలసి వస్తే ఎంత ఖరీదు పడుతుందో కొలిచి చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తేనెటీగ గురించి రాసేవాళ్లకు ఒక జబ్బుంది. లోకమంతా దాని రెక్కల మీదే నడుస్తోందని రాసేస్తారు. ఈగలు పోతే మనిషి నాలుగేళ్లకు మించి బతకడని ఐన్‌స్టీన్ పేరు మీద తిరిగే మాట ఈ పుస్తకంలో లేదు. ఆయన అన్నట్టు ఆధారమే లేదు కనుక లేకపోవడమే మంచిది. దాని బదులు రచయిత నికరమైన లెక్క ఇచ్చాడు. ప్రపంచంలోని 115 ప్రధాన ఆహార పంటల్లో 87 పంటలకు కీటకాలు, పక్షుల వంటి జీవుల పరాగసంపర్కం ఎంతోకొంత అక్కరకొస్తుంది. వరి, జొన్న, మొక్కజొన్నలకు అక్కర్లేదు. మన సొంత పంటల్లోనూ తేడాలు చూపించాడు. బాలానగర్ సీతాఫలం పువ్వులోకి తేనెటీగ పోదు, చిన్న పెంకు పురుగులు పోతాయి. వంగ, టమాటా పువ్వుల్లో పుప్పొడి రాలాలంటే పువ్వును పట్టుకుని గట్టిగా జుమ్మని కంపించాలి. ఆ విద్య తేనెటీగకు రాదు, తుమ్మెదకు వచ్చు. మన రాష్ట్ర పుష్పం తంగేడుదీ అదే దారి. కొల్లాపూర్ మామిడి పూత మీద తేనెటీగల కన్నా మామూలు ఈగలదే ఎక్కువ సందడి. కాబట్టి పెట్టె కొని తెచ్చుకుంటే సరిపోదు. గట్టు మీద ఎండిన మోడును, తుమ్మెద గూడున్న వెదురును, దున్నని అడుగు నేలను కూడా కాపాడుకోవాలి.

తెలుగు శాస్త్రవేత్తలకు ఈ పుస్తకంలో చోటు దక్కినందుకు సంతోషం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఆయన తర్వాత ఎ. జె. సోలమన్ రాజు తూర్పు కనుమల చెట్ల పూలను, వాటి మీద వాలే జీవులను దశాబ్దాల పాటు పరిశీలించారు. ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లా విజయరాయి పరిశోధన కేంద్రం అఖిల భారత సమన్వయ పథకం కింద తేనెటీగల మీద పనిచేసింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో పెంపకం నేర్పుతారు. మన రెండు పాత జిల్లాల్లో పాలెం, కంపాసాగర్, కొండమల్లేపల్లి పరిశోధన కేంద్రాలున్నాయి. మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. ఈ నాలుగు చోట్లా పది పెట్టెల చొప్పున పెట్టి, ఏ పంటలో ఎంత తేడా వచ్చిందో ఏటా అచ్చు వేయగలిగితే, రైతుకు నా పీఠిక మీద కన్నా ఆ కాగితం మీద నమ్మకం ఎక్కువ కలుగుతుంది.

పాలమూరు మనిషికి వలస కొత్తగా నేర్పనక్కర్లేదు. వానలు మొహం చాటేస్తే మూట సర్దుకుని పనున్న చోటికి పోయి, నాలుగు రూకలు చేసుకుని, వానాకాలానికి ఊరు చేరిన తరాలు ఇక్కడివి. పెట్టెల వలసా అచ్చం అంతే. రేగు, కుసుమ, కంది, పొద్దుతిరుగుడు, బత్తాయి, వేప, కానుగ, చింత: ఒక పూత అయిపోగానే రాత్రికి రాత్రి పెట్టెలకు జాలీ కట్టి, లారీ ఎక్కించి, తెల్లవారకముందే మరో పూత దగ్గర దించాలి. ఉత్తరాదివాళ్లు ఆవపూతకు రాజస్థాన్, లిచీ పూతకు ముజఫర్‌పూర్ పోతారు. మన పెంపకందారుడికి అంత దూరం అక్కర్లేదు. దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా, అక్కడి నుంచి అలంపూర్ దాకా ఉన్న పూతల పట్టికను రచయిత నెలల వారీగా కూర్చాడు. నా మటుకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా ఉపయోగపడే పుటలు అవి. గోడకు అంటించుకోదగినవి.

మన ఎండ సంగతి పంజాబు పుస్తకాల్లో దొరకదు. ఈగలు పిల్ల ఉన్న చోట వేడిని 34, 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. నల్లగొండలో మే నెల ఎండ 45 దాటితే కుటుంబంలో సగం పూల మీదికి పోవడం మాని నీళ్లు మోసి, రెక్కలతో విసురుతూ కూర్చుంటుంది. నీడ, తడి గోనెసంచి, దగ్గర్లో నీళ్లతొట్టి, అందులో ఈగలు మునగకుండా నాలుగు పుల్లలు: ఇవి లేకపోతే జూన్‌కు పెట్టె ఖాళీ. వానాకాలపు పూలకరువులో చక్కెర పాకం పెట్టాలి. మైనపు పురుగు, నల్లి, చీమ, కందిరీగ, పసిరిక పిట్ట ఎప్పుడెప్పుడు వస్తాయో, ఏం చేయాలో ఈ పుస్తకంలో మన నెలలతో, మన మాటల్లో ఉంది. శిక్షణ లేకుండా రాయితీ మీద పెట్టె చేతికిస్తే అది ఏడాదిలో సామాన్ల పెట్టె అవుతుందన్న రచయిత మాట అక్షరాలా నిజం.

ఇక మందుల సంగతి. ఇక్కడ రచయిత ఎవరినీ నిందించలేదు. పత్తికి పచ్చదోమ, మామిడికి తేనెమంచు పురుగు పట్టినప్పుడు మందు కొట్టకుండా చేతులు ముడుచుకుని కూర్చోమని రైతుకు చెప్పడం తేలిక, బతకడం కష్టం. ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయోమిథాక్సామ్‌ల ఆరుబయట వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన దగ్గర అవి మందుల దుకాణంలో ముందు వరుసలోనే ఉంటాయి. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఊరు చేసుకోగల కట్టుబాట్లు కొన్నున్నాయి. నిండు పూతలో మందు కొట్టవద్దు. తప్పనిసరైతే ఈగలు గూడు చేరాక, పొద్దు వాలాక కొట్టాలి. ముందురోజే పెట్టెలవాడికి కబురు పెట్టాలి. అతను ఆ రాత్రికి ద్వారాలకు జాలీ బిగించి, తడి గోనె కప్పి, గాలి ఆడేలా చూసుకుంటాడు. ఈగ రెండు మూడు కిలోమీటర్లు పోతుంది కనుక ఒక్క రైతు నియమం పాటిస్తే చాలదు. అందుకే దీన్ని గ్రామసభలో తీర్మానం చేయాలని రచయిత పట్టుబడతాడు. నేను ఆ పక్షమే.

నీళ్ల గురించి ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, ఎండిన బోర్లు చూసి విసిగిన జిల్లాలు మనవి. కాలువ నీళ్లు చేనుకు చేరడం పండగే. అయితే నీళ్లు వచ్చిన ప్రతిచోటా వరే వచ్చింది. వరి పువ్వు ఈగకు తేనె ఇవ్వదు. జొన్నలో కంది, గట్టున ఆముదం, అక్కడక్కడా నువ్వులు, కుసుమ అంటూ సాగిన పాత మెట్ట సేద్యంలో ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక పూత ఉండేది. ఇప్పుడు పచ్చగా కనిపించే మైళ్ల పొలంలో ఈగ ఆకలితో చచ్చిపోగలదు. వరి మానేయమని ఎవరూ అనలేదు. గట్ల మీద కానుగ, వేప, రేగు నిలుపుకుంటే, ఒక కారు కందికో నువ్వులకో వదిలితే, పెట్టెలూ నిలుస్తాయి, నేలా కోలుకుంటుంది.

తేనె ధర గురించి రాసిన పుటలు పెంపకందారులు జాగ్రత్తగా చదవాలి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం పదమూడు బ్రాండ్ల తేనెను పరీక్షకు పంపితే, వాటిలో పది, చక్కెర పాకం కల్తీని పట్టుకునే ఎన్‌ఎంఆర్ పరీక్షలో నిలవలేదు. చక్కెర పాకంతో పోటీపడి నిజమైన తేనె బతకలేదు. ఆ పోటీలో మన రైతుకొడుకు గెలవాలంటే రెండు దారులు. ఒకటి, ఏ పూత తేనెనో చెప్పి, దగ్గరివాళ్లకు, నమ్మకం మీద అమ్మడం. రెండోది, పూత కిరాయి. మొదటిది మనిషి మంచితనం మీద, రెండోది పంట లెక్క మీద నిలబడుతుంది. కేంద్రం 2020లో ప్రకటించిన జాతీయ తేనెటీగల, తేనె మిషన్‌కు 500 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్ములో పెట్టెలకు ఎంత పోతుందో, పూత కిరాయి ఒప్పందాలు అలవాటు చేయడానికి ఎంత పోతుందో అడగవలసిన బాధ్యత రైతు సంఘాలది.

పుస్తకంలో నాకు కొరతగా తోచింది చెంచుల అధ్యాయం. నల్లమలలో కృష్ణ ఒడ్డున కొండచరియలకు వేలాడే పెద్ద తేనె పట్లను తీయడం వాళ్ల తరతరాల విద్య. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వెలువరించాడు. తేనె తీసేవాడు తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదేనని, అక్కచెల్లెలు విధవ కావాలని ఎవడూ కోరుకోడని చెంచులు చెప్పుకుంటారు. ఆ పెద్ద ఈగ పెట్టెలో ఇమడదు. అయినా మన పొద్దుతిరుగుడు చేలల్లో పొద్దున్నే కనిపించే ఈగల్లో అదే ఎక్కువ. అంటే అడవిలో దాని గూడును బతికిస్తున్నవాళ్లు మెట్ట రైతుకు మేలు చేస్తున్నట్టే. ఈ నాయకత్వానికి రచయిత ఇచ్చిన పుటలు చాలవు. రెండో ముద్రణకు అమ్రాబాద్, మన్ననూరు వైపు వెళ్లి, చెంచు పెద్దల దగ్గర కూర్చుని, ఈ అధ్యాయం తిరిగి రాయమని నా ఆదేశం. పెద్దవాణ్ని కనుక సలహా అనను.

మరో రెండు చిన్న కోరికలు. పెట్టెల పనిలో ఉన్న ఆడవాళ్ల గురించి ఇంకొంచెం రాయవలసింది. మైనం కరిగించడం, చట్రాలు కట్టడం, సీసాలు నింపడం అంతా వాళ్ల చేతుల మీదే జరుగుతుంది, పేరు మాత్రం మగవాడిది. అలాగే కిరాయి ఒప్పందం నమూనా ఒకటి అనుబంధంగా ఇవ్వాలి. పెట్టెకు ఎన్ని చట్రాల ఈగలు, ఎన్ని రోజులు, మందు కొడితే నష్టం ఎవరిది, పెట్టె పోతే ఎవరు కట్టాలి: ఇవి కాగితం మీద ఉంటేనే స్నేహం నిలుస్తుంది.

ఈ కొరతలు చెప్పాక నా తీర్పు సూటిగా చెప్తాను. తేనెటీగల మీద తెలుగులో వచ్చిన పుస్తకాల్లో తేనె ఎలా తీయాలో చెప్పేవి చాలానే చూశాను. రైతు లెక్కలోంచి, మెట్ట నేల మీద నిలబడి, పూత నుంచి కాయ దాకా చెప్పినది నాకు తెలిసి ఇదే మొదటిది. భాష మన జిల్లాల భాష. అంకెలు ఎక్కడా గాలిలో లేవు. తెలియని చోట రచయిత ఊహించి రాయలేదు. ఆ నిగ్రహం ఈ వయసులో ఉండటం అరుదు.

చదువరికి నా విన్నపం ఇది. నువ్వు రైతువైతే, ఈ ఏడు పూత వచ్చినప్పుడు నీ తోటకు పెట్టెలు తెచ్చేవాడి దగ్గర తేనె సీసా అడగకు. వాడి చేతిలో నువ్వే కిరాయి పెట్టు. ముందు ఒక్క ఎకరానికి పెట్టి చూడు. పక్క ఎకరంతో కాయను తూచి పోల్చు. తేడా లేకపోతే మళ్లీ ఏడు ఇవ్వకు. నువ్వు పెంపకందారుడివైతే, బలహీనమైన పెట్టె దించి కిరాయి పుచ్చుకోకు. ఒక్కడు మోసం చేస్తే పది ఊళ్ల దారి మూసుకుపోతుంది. నువ్వు అధికారివైతే, ఈ పుస్తకాన్ని బీరువాలో పెట్టకుండా ప్రతి రైతువేదికకూ ఒక ప్రతి పంపించు. గ్రంథకర్తకు నా ఆశీస్సులు. ఆయన చేతి మీదుగా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పూత కిరాయి మామూలు మాట కావాలని కోరుకుంటున్నాను.

— ఒక విశ్రాంత వ్యవసాయాధికారి,
నల్లగొండ